సముద్రం దాటించిన విద్యావేతనాలు

మన ఇండ్లలో ఒక కుర్రవాడో, ఒక ఆడపిల్లో పై చదువుకు విదేశం వెళ్ళదలచినపుడు పెద్దల నోట మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: ఖర్చు ఎవరు భరిస్తారు? పొలం అమ్మి కొడుకును పంపిన తండ్రులున్నారు. నగలు తాకట్టు పెట్టిన తల్లులున్నారు. ఆ శక్తి లేనివారికి విద్యావేతనమే శరణ్యం. ఈ విద్యావేతనాలు మన దేశంలో ఎవరి ధనంతో, ఏ షరతులతో వెలసినవో, వాటికి దరఖాస్తు పెట్టుకొనే పద్ధతి ఎట్లా ఏర్పడినదో విచారించడం ఈ ప్రసంగం ఉద్దేశం. ఈ విచారణలో, పెద్దలు సాధారణంగా అడగని రెండవ ప్రశ్న ఒకటి మనకు అడుగడుగునా ఎదురవుతుంది. వెళ్ళినవాడు విద్య ముగించుకొని తిరిగి వచ్చిన నాడు అతనికి చోటు ఎవరు చూపుతారు? ఈ రెండు ప్రశ్నలను కలిపి చూస్తే తప్ప విద్యావేతనాల చరిత్ర బోధపడదని మా అభిప్రాయం.

మొదట ఒక స్కాట్లండు వైద్యుని సంగతి చెప్పుకోవాలి. జాన్ బోర్త్‌విక్ గిల్‌క్రిస్ట్ ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యులుగా మన దేశానికి వచ్చి, హిందూస్తానీ భాష నేర్చి, దానికి వ్యాకరణాన్నీ నిఘంటువునూ కూర్చి, కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో ఆ భాషను బోధించినారు. 1841లో ఆయన మరణించిన తరువాత, విడిచిపోయిన ఆస్తి వీలునామా ప్రకారం విద్యావ్యాప్తికి వినియోగమైనది. గిల్‌క్రిస్ట్ విద్యావేతనం పుట్టినది ఆ ధనం నుండే. ఇది ఒకరి సిఫారసుతో లభించేది కాదు. పోటీ పరీక్షలో నెగ్గినవారిని బ్రిటనులోని విశ్వవిద్యాలయాలకు పంపేవారు. ఆనాటి పరిస్థితిలో ఇది గొప్ప విషయం. కాని ఆ పరీక్షకు ఇంగ్లీషు ఒక్కటీ చాలదు. సంస్కృతమో లాటినో వంటి ప్రాచీన భాష ఒకటీ, ఫ్రెంచో జర్మనో వంటి ఐరోపా భాష ఒకటీ రావలసి ఉండేది. అంటే ద్వారం అందరికీ తెరచినట్లే కనబడినా, దాని గడప మాత్రం చాల ఎత్తు.

1882లో ఆ గడప దాటినవారు దేశం మొత్తం మీద ఇద్దరే. ఒకరు బొంబాయి పారశీక యువకులు. రెండవవారు బెంగాలుకు చెందిన ప్రఫుల్ల చంద్ర రాయ్. రాయ్‌గారు తాము ఈ పరీక్షకు చదువుతున్న సంగతిని దాదాపు అందరివద్దా దాచినారు. తప్పితే నలుగురూ నవ్వుతారన్న భయం కాబోలు! ఎడింబరోలో రసాయనశాస్త్రం చదివి, 1887లో డి.ఎస్‌సి. పట్టం పొంది, మరుసటి సంవత్సరం స్వదేశానికి చేరినారు. అప్పుడు ఏమి జరిగినదో గమనింపదగినది. అంతటి విద్యావంతునికి దాదాపు ఒక సంవత్సరం పాటు ఉద్యోగమే దొరకలేదు. ఆ కాలంలో జగదీశ చంద్ర బోసుగారి ఇంట తలదాచుకోవలసి వచ్చినది. 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో లభించిన కొలువుకు జీతం నెలకు 250 రూపాయలు. విద్యాశాఖలోని పై తరగతి కొలువులు ఆనాడు ఇంచుమించుగా ఇంగ్లీషువారికే పరిమితం. పరీక్షలో ఆయన ఐరోపా విద్యార్థులకు తీసిపోలేదు. పదవిలో మాత్రం వారి సరసన చోటు లేకపోయినది. అయినను ఆయన వెనుకంజ వేయలేదు. ఆ చిన్న కొలువులో ఉంటూనే శిష్యులను తయారుచేసి, 1892లో స్వల్పమైన పెట్టుబడితో మందుల తయారీ ఆరంభించినారు. తరువాత బెంగాల్ కెమికల్స్‌గా ప్రసిద్ధికెక్కిన సంస్థ అదే.

ఇదే గిల్‌క్రిస్ట్ వేతనంతో అంతకు కొన్ని సంవత్సరాల ముందే ఎడింబరో వెళ్ళి వచ్చిన మరొక వంగీయుడు మన హైదరాబాదుకు సుపరిచితులు. ఆయన అఘోరనాథ చటోపాధ్యాయ. నిజాం ప్రభుత్వం పిలుపు మీద హైదరాబాదు వచ్చి అక్కడ ఒక కళాశాలను నెలకొల్పినారు. నేటి నిజాం కళాశాలకు అదే బీజం. ఒక విద్యావేతనం వంగదేశంలో మొదలై, స్కాట్లండు మీదుగా ప్రయాణించి, మూసీ తీరాన కళాశాలగా ఫలించినది. రాయ్‌గారికీ అఘోరనాథులకూ విద్యలో ఎక్కువ తక్కువలు లేవు. భేదం తిరిగి వచ్చిన నాడు లభించిన స్వాగతంలోనే ఉన్నది.

అఘోరనాథుల కుమార్తె సరోజిని గాథ వేరు. పండ్రెండేళ్ళ ప్రాయంలోనే మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణురాలైన ఆ బాలికకు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ విద్యావేతనం మంజూరు చేసినారు. 1895లో ఆమె ఇంగ్లండు వెళ్ళి లండనులోని కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోను చదివి 1898లో తిరిగి వచ్చినారు. కవయిత్రిగా, జాతీయ నాయకురాలిగా ఆమె ఖ్యాతి లోకవిదితం. కాని మనం ఇచ్చట గుర్తింపవలసిన అంశం ఒకటున్నది. అది ప్రభువు అనుగ్రహం. దర్బారుకు చేరువలో ఉన్న పండితుని ఇంట పుట్టిన బాలిక ప్రతిభ ప్రభువు చెవిని పడినది. అంతే ప్రతిభ గల మరొక బాలిక ఏ కరీంనగరు పల్లెలోనో, పాలమూరు పల్లెలోనో ఉండి ఉంటే ఆమె పేరు ఆ చెవికి చేరే మార్గం ఏది? అర్జీ వ్రాయించడానికి కూడ ఆమెకు ఒక పెద్దమనిషి అండ కావలసి వచ్చేది.

ప్రభువుల అనుగ్రహంలో లిఖితపూర్వకమైన ఒప్పందం కూడ చేరిన సందర్భం బరోడా సంస్థానంలో కనబడుతుంది. 1913లో మహారాజా సయాజీరావు గైక్వాడ్ భీమరావు అంబేద్కరును న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపినారు. వేతనం నెలకు 11.5 పౌండ్లు; గడువు మూడేండ్లు. చదువు ముగిసిన తరువాత పదేండ్లు బరోడా కొలువులో పనిచేయవలెనన్నది షరతు. న్యాయంగా చూస్తే అది సమంజసమైన షరతే. సంస్థానం ఖర్చు పెట్టినది. దాని ఫలం సంస్థానానికి దక్కవలెను గద. అంబేద్కరు కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివి, అక్కడినుండి లండను చేరి, వేతనం గడువు ముగియగా 1917లో తిరిగి వచ్చి బరోడా కొలువులో చేరినారు.

తన మాట ఆయన నిలుపుకొన్నారు. ఊరు మాత్రం తన ధర్మాన్ని నిలుపుకొనలేదు. అస్పృశ్యుడన్న కారణాన ఆయనకు బరోడాలో అద్దెకు ఇల్లు ఇచ్చినవారు లేరు. పేరు మార్చుకొని పారశీకుల సత్రంలో దిగితే, కొద్ది దినాలకే సంగతి బయటపడి, కర్రలు చేతబట్టిన గుంపు వచ్చి ఖాళీ చేయించినది. కచేరీలో బంట్రోతులు సైతం కాగితాలను చేతికి అందించక దూరంనుండి విసిరేవారు. పదేండ్లు చేయవలసిన కొలువు కొద్దికాలానికే ముగిసినది. ఒప్పందపత్రంలో విద్యార్థి బాధ్యత అంకెలతో సహా వ్రాసి ఉన్నది. తిరిగి వచ్చినవాడు ఎక్కడ నివసించవలెను, ఎవరు అతనితో మనిషిని మనిషిగా మాట్లాడవలెను అన్న సంగతి అందులో లేదు. ఆ తరువాత అంబేద్కరు తాము కూడబెట్టుకొన్న సొమ్ముతోను, కొల్హాపురం ప్రభువు శాహూ మహారాజు సహాయంతోను 1920లో మరల లండను వెళ్ళి మిగిలిన చదువు పూర్తిచేసినారు. రాజ్యాంగ నిర్మాణం నాటికి దేశానికి ఆ విద్య ఎంత అక్కరకు వచ్చినదో చెప్పనక్కరలేదు.

ఇక ప్రభువుల ప్రాపు కూడ లేనివారి మాట. మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించినారు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుతున్నపుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందుకు ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురి అయి, ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు అంతకంటె తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టంతో సరిపెట్టుకొనవలసి వచ్చినది. ఉష్ణదేశ వ్యాధుల వైద్యం అభ్యసించుటకు హార్వర్డు వెళ్ళదలచినపుడు ఆయనకు తోడ్పడినది మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకరు ధర్మసంస్థ ఇచ్చిన సాయం. సత్యలింగంగారు గోదావరి తీరం నుండి రంగూను వెళ్ళి ధనం ఆర్జించినవారు. సముద్రం దాటి గడించిన సొమ్ము ఈ విధంగా మరొక తెలుగువానిని మరొక సముద్రం దాటించినది! 1922 అక్టోబరులో సుబ్బారావుగారు బోస్టను నగరంలో అడుగుపెట్టినారు. చేతిలో ఉన్నది చాలక, పగలు చదువుతూ, రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రపు పాత్రలు శుభ్రపరచే పనికి ఒప్పుకొన్నారు.

ఆ తరువాతి చరిత్ర తెలుగువారందరూ గర్వించదగినది. ఫిస్కేతో కలసి శరీరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని, కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. అనే పదార్థాలను లోకానికి వెల్లడించినారు. 1940లో లెడర్లీ పరిశోధనాలయంలో చేరి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినారు. యౌవనంలో తమ సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఆ ఆమ్లం ఔషధం. కాని ఆయన స్వదేశానికి తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో అమెరికాలోనే కన్నుమూసినారు. చివరివరకు అమెరికా పౌరసత్వం స్వీకరించలేదు. ఆయన రాకపోయినా ఆయన మందు వచ్చినది. ఆయన పరిశోధనాలయంలో వెలువడిన డైఇథైల్ కార్బమజైన్ అనే ఔషధం బోదకాలు వ్యాధికి మందు. గోదావరి, కృష్ణా డెల్టాలలో ఆ వ్యాధి ఎంతటి ఉపద్రవమో మన పెద్దలకు ఎరుకే. 2004 నుండి మన ప్రభుత్వం బోదకాలు పీడిత జిల్లాలలో ఇంటింటికీ ఉచితంగా పంచినది ఆ మందునే.

ఇంతవరకు చెప్పిన వృత్తాంతాలలో దాత ఒకడు, గ్రహీత ఒకడు. ఎవరిని పంపవలెనన్నది చాలవరకు దాత ఇష్టం. ఈ స్థితి మారినది రెండవ ప్రపంచ యుద్ధానంతరం. ఆ మార్పునకు కారణమైన శాసనం ఒక విచిత్రమైన మూలం నుండి పుట్టినది. యుద్ధం ముగిసేనాటికి అమెరికా సైన్యం దేశదేశాలలో లారీలు, యంత్రాలు, ఆహారపు డబ్బాలు, పరికరాలు గుట్టలుగా విడిచినది. వాటిని ఓడలకెత్తి ఇంటికి తీసుకుపోవడం ఖర్చుతో కూడిన పని. ఉన్నచోటనే అమ్ముదామంటే కొనే దేశాలవద్ద డాలర్లు లేవు. అప్పుడు అర్కన్సా రాష్ట్రానికి చెందిన సెనేటరు జేమ్స్ విలియం ఫుల్‌బ్రైట్ ఒక ఉపాయం ఆలోచించినారు. ఆ దేశాలు తమ నాణెంలోనే వెల చెల్లించవచ్చును. ఆ సొమ్మును ఆ దేశానికీ అమెరికాకూ మధ్య విద్యార్థుల, అధ్యాపకుల రాకపోకలకు వినియోగించవచ్చును.

ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. చైనాలో 1900లో జరిగిన బాక్సరు తిరుగుబాటు తరువాత ఆ దేశం మీద మోపిన నష్టపరిహారంలో కొంత భాగాన్ని అమెరికా వదలుకోగా, ఆ ధనంతో చైనా యువకులు అమెరికాలో చదివినారు. వారిని సన్నద్ధం చేయడానికి పెకింగులో 1911లో వెలసిన పాఠశాలయే నేటి సింఘ్వా విశ్వవిద్యాలయం. ఫుల్‌బ్రైట్ సైతం స్వానుభవం కలవారు. రోడ్సు విద్యావేతనంతో 1925లో ఆక్స్‌ఫర్డు వెళ్ళి చదివినవారు. మారుమూల పట్టణపు యువకునికి ఆ మూడేండ్లలో ప్రపంచం ఎంత విశాలమైనదో తెలిసినది. రోడ్సు వేతనం ఆడపిల్లలకు 1977 వరకు లభించలేదన్న సంగతి కూడ ఇచ్చట చెప్పుకోవాలి. ద్వారాలు ఎప్పుడూ ఒక్కసారిగా తెరచుకొనవు.

1945 సెప్టెంబరులో ఫుల్‌బ్రైట్ ప్రతిపాదించిన బిల్లు సెనేటులో పెద్దగా చర్చ లేకుండానే నెగ్గినది. మిగిలిన యుద్ధసామాను అమ్మకపు చట్టానికి చిన్న సవరణగా దానిని ప్రవేశపెట్టుటలోనే వారి చాతుర్యం ఉన్నది. బిల్లు సంగతి ముందే తెలిస్తే ఎదిరించి ఉండేవాడినని ఒక సీనియరు సెనేటరు తరువాత అన్నట్లు ఫుల్‌బ్రైట్ చెప్పుకొనేవారు. అమెరికా పిల్లలు పరదేశాలు వెళితే అక్కడి సిద్ధాంతాలు తలకెక్కుతాయని ఆయన భయం. మన పెద్దలు సముద్రయానం వద్దన్నది ఆచారం చెడుతుందని. భయాలకు దేశభేదం లేదు! 1946 ఆగస్టు 1న అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో ఆ బిల్లు శాసనమైనది. ఒక్కొక్క దేశానికి మొత్తం 2 కోట్ల డాలర్లు, ఏటా 10 లక్షల డాలర్లు మించరాదన్నది పరిమితి. మొదటి ఒడంబడిక 1947 నవంబరులో చైనాతో కుదిరినది, తరువాత బర్మాతో. మన దేశంతో 1950 ఫిబ్రవరి 2న కుదిరినది. దానిపై జవహర్‌లాల్ నెహ్రూ, అమెరికా రాయబారి లాయ్ హెండర్సన్ సంతకాలు చేసినారు.

మా దృష్టిలో ఈ శాసనంలోని గొప్పతనం ధనం కంటె పద్ధతిలోనే ఎక్కువగా ఉన్నది. ప్రతి దేశంలోను రెండు దేశాల ప్రతినిధులు కలసి కూర్చునే ఒక మండలి ఏర్పడినది. ఏ శాస్త్రాలకు ప్రాధాన్యం ఇవ్వవలెనో, దరఖాస్తుదారులలో ఎవరిని సిఫారసు చేయవలెనో ఆ మండలి నిర్ణయిస్తుంది. తుది ఆమోదానికి అమెరికాలో విద్యావేత్తలతో కూడిన మరొక మండలి ఉన్నది. పత్రికలలో ప్రకటన వెలువడుతుంది. దరఖాస్తు నమూనా ఎవరికైనా లభిస్తుంది. నవాబుగారి చెవిని పడవలసిన పని లేదు. విశాఖపట్నంలోని ఉపాధ్యాయుడైనా, వరంగల్లులోని పరిశోధక విద్యార్థిని అయినా ఒక దరఖాస్తు నింపి పంపవచ్చును. పాతకాలపు అర్జీలో తన పేదరికం, దాత ఔదార్యం వర్ణించవలసి వచ్చేది. కొత్త దరఖాస్తు అడిగే ప్రశ్నలు వేరు. నీవు చేయదలచిన పని ఏమిటి? అది ఇచ్చట కాక అచ్చటనే ఎందుకు చేయవలెను? నీ సామర్థ్యాన్ని ఎరిగినవారు ఎవరు? తిరిగి వచ్చి ఆ విద్యను ఎవరికి పంచుతావు? వినయం ఎంత ఒలకబోసినా ఈ ప్రశ్నలకు జవాబు రాదు. పని మీద స్పష్టమైన ఆలోచన ఉన్నవానికే వస్తుంది.

ఆరంభంలో ఒక చిక్కు కూడ ఉండేది. యుద్ధసామాను అమ్మిన సొమ్ము మన దేశంలో రూపాయల రూపంలో ఉన్నది. ఆ రూపాయలతో అమెరికా ఆచార్యుని ఇక్కడ పోషించవచ్చును. మన విద్యార్థికి ఓడ టిక్కెట్టు కొనవచ్చును. కాని న్యూయార్కులో అతని గది అద్దెకు, భోజనానికి రూపాయలు చెల్లవు. అందుచేత మనవారిలో పలువురికి దక్కినది ప్రయాణపు ఖర్చు మాత్రమే. అక్కడి బత్తెం కోసం ఆ విశ్వవిద్యాలయాలకు వేరుగా దరఖాస్తు పెట్టుకొని, బోధనలోనో ప్రయోగశాలలోనో సహాయకుల పని సంపాదించుకొనవలసి ఉండేది. డాలర్ల సాయం కొంతమందికి 1948 నాటి స్మిత్–మంట్ శాసనం వలన లభించినది. అంటే ఒక్క ప్రయాణానికి రెండు, మూడు దరఖాస్తులు! నేటికీ అనుభవజ్ఞులు యువకులకు చెప్పే సలహా ఇదే: వేతనం దేనికి ఇస్తున్నారో, దేనికి ఇవ్వడం లేదో ముందు విడదీసి చూచుకొనవలెను.

యుద్ధసామాను తరువాత గోధుమల వంతు వచ్చినది. 1951లో మన దేశంలో తీవ్రమైన ఆహారపు కొరత ఏర్పడినపుడు అమెరికా 20 లక్షల టన్నుల ధాన్యం కొనుగోలుకు 19 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చినది. ఆ అప్పు మీద రావలసిన వడ్డీలో మొదటి 50 లక్షల డాలర్లను విద్యావిషయక రాకపోకలకు, మన విశ్వవిద్యాలయాలకు కావలసిన పుస్తకాలకు, ప్రయోగశాలా పరికరాలకు కేటాయించినారు. ఆ పిదప పి.ఎల్. 480 పథకం క్రింద వచ్చిన గోధుమలకు మనం చెల్లించిన రూపాయలతో, 1962 నుండి అమెరికా కాంగ్రెసు గ్రంథాలయంవారు భారతీయ భాషల పుస్తకాలు కొని తమ దేశంలోని విశ్వవిద్యాలయాలకు పంపినారు. వాటిలో తెలుగు పుస్తకాలూ ఉన్నవి. విజయవాడలో అచ్చయిన నవలలు, పద్యకావ్యాలు ఈ విధంగా అమెరికా గ్రంథాలయాల బీరువాలలో చేరి, తెలుగు నేర్వదలచిన అక్కడి విద్యార్థులకు అందుబాటులోకి వచ్చినవి.

ఇట్లు పోవు దారి సుగమమైనది. మరి వచ్చు దారి? 1956లో అమెరికా ప్రభుత్వం ఒక నియమం చేసినది. రాకపోకల పథకం క్రింద వచ్చినవారు చదువు ముగిసిన తరువాత కనీసం రెండేండ్లు స్వదేశంలో గడపనిదే అక్కడ స్థిరనివాసానికి అర్హులు కారు. పరదేశపు విద్య స్వదేశానికి చేరవలెనన్న ఉద్దేశంతో చేసినది అది. బరోడా ఒప్పందం వలెనే ఇదీ సమంజసమైన నియమమే. బరోడా ఒప్పందం వలెనే ఇదీ ఒకవైపు బాధ్యతనే చెప్పుతుంది.

ఈ సందర్భంలో హరగోవింద ఖొరానా ఉదంతం మరువరానిది. పంజాబులో ఒక పల్లెటూరి పట్వారీ కుమారుడు ఆయన. 1945లో భారత ప్రభుత్వపు విద్యావేతనంతో లివర్‌పూల్ వెళ్ళి 1948లో డాక్టరేటు పొందినారు. జూరిచ్‌లో కొంతకాలం పరిశోధన చేసి 1949లో స్వదేశానికి వచ్చినారు. అప్పటికి దేశవిభజన జరిగి ఆయన కుటుంబం నిరాశ్రితమై ఉన్నది. తగిన ఉద్యోగం దొరకలేదు. మరల ఇంగ్లండు వెళ్ళినారు. అక్కడినుండి కెనడా, కెనడా నుండి అమెరికా. 1968లో నోబెల్ బహుమానం ఆయనను వరించేనాటికి ఆయన అమెరికా పౌరులు. ప్రజల సొమ్ముతో పంపిన విద్యార్థి మాట తప్పక తిరిగి వచ్చినాడు. ఇచ్చట ఒక బల్ల, ఒక పరీక్షనాళిక చూపినవారు లేకపోయినారు. దీనికి ఒక్కరిని నిందించి ప్రయోజనం లేదు. అది దేశం చీలి, లక్షలమంది తలదాచుకొనే చోటు వెదకుకొంటున్న కాలం. కాని ఆ నష్టం మాత్రం నిజమైనది.

ఈ లోటు ప్రభుత్వం దృష్టికి రాకపోలేదు. 1958లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి ఆధ్వర్యంలో శాస్త్రజ్ఞుల నిధి అనదగిన ఒక ఏర్పాటు జరిగినది. విదేశాలనుండి తిరిగి వచ్చిన శాస్త్రజ్ఞులకు స్థిరమైన ఉద్యోగం లభించేలోగా తాత్కాలికంగా ఒక సంస్థలో చోటు, కొంత జీతం ఇవ్వడం దాని ఉద్దేశం. వచ్చినవానికి చోటు ముందుగానే ఉంచవలెనన్న జ్ఞానం ఇందులో ఉన్నది. ప్రఫుల్ల చంద్రులు తిరిగి వచ్చిన 70 ఏండ్లకు గాని మనకు ఆ జ్ఞానం కలుగలేదు!

చోటు దొరికినపుడు ఎట్టి ఫలం లభిస్తుందో తెలియాలంటే మన తెలుగునాటనే నిదర్శనమున్నది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేటు పొంది తిరిగి వచ్చినారు. తెలుగు ధాతువుల మీద ఆయన చేసిన పరిశోధన 1961లో కాలిఫోర్నియాలో అచ్చయినది. ఆయన అంతటితో ఆగలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర శాఖను పెంపొందించినారు. ఆయన సంపాదకత్వాన 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. నాగలి భాగాలను శ్రీకాకుళం రైతు ఏమంటాడో, తెలంగాణా రైతు ఏమంటాడో ఊరూరా తిరిగి సేకరించి ఒకచోట కూర్చినారు. ఫిలడెల్ఫియాలో నేర్చిన పద్ధతి మన రైతు నోటి మాటకు గౌరవం కలిగించినది. విదేశీ విద్య స్వదేశీయం కావడమంటే ఇదే.

రాకపోకలన్న మాటలో రాక కూడ ఉన్నది గనుక, ఇచ్చటికి వచ్చినవారి సంగతీ చెప్పుకోవాలి. ఉస్మానియా ప్రాంగణంలో 1964లో అమెరికా విషయాల పరిశోధనా కేంద్రం ఒకటి వెలసినది. దేశం నలుమూలల నుండి అధ్యాపకులు వచ్చి అక్కడి గ్రంథాలయంలో దినాలతరబడి చదువుకొనేవారు. ఓడ ఎక్కకుండానే ఆ దేశపు సాహిత్యం, చరిత్ర వారికి అందినవి. మన దేశం కూడ దాత స్థానానికి చేరినది. 1950లో మౌలానా ఆజాద్ నెలకొల్పిన భారతీయ సాంస్కృతిక సంబంధాల మండలి ఆసియా, ఆఫ్రికా విద్యార్థులకు వేతనాలిచ్చి మన విశ్వవిద్యాలయాలలో చదివించినది. హైదరాబాదు వీధులలో కనబడిన ఎందరో ఆఫ్రికా యువకుల వెనుక ఇట్టి దరఖాస్తు ఒకటి ఉన్నది.

2008లో భారత, అమెరికా ప్రభుత్వాలు కొత్త ఒడంబడిక చేసుకొన్నవి. దాని ప్రకారం ఖర్చులో రెండు దేశాలూ సమాన భాగస్వాములు. ఆ వేతనాలకు ఫుల్‌బ్రైట్–నెహ్రూ అని పేరు పెట్టినారు. ఇందలి అంతరార్థం మనం గ్రహించవలెను. ఒకనాడు మనం పుచ్చుకొనేవారం. ఆ ఒడంబడికతో మన పన్నుల సొమ్ము కూడ అందులో చేరినది. ఎంపికైన విద్యార్థి ఇరుదేశాల ప్రజలకూ ఋణపడి వెళ్తున్నాడు. ఇచ్చేవారమైన తరువాత, ఫలం దక్కించుకొనే బాధ్యత మరింత మనదే.

కావున దరఖాస్తు నింపబోయే యువతీయువకులకు మేము మనవి చేసేది ఇది. దాత ఏమి వినగోరుతున్నాడో ఊహించి వ్రాయవద్దు. మీరు చేయదలచిన పనిని మీ మాటలలో వ్రాయండి. గడువుకు చాల ముందే మొదలుపెట్టండి. మీ పనిని నిజంగా ఎరిగిన గురువు చేతనే సిఫారసు వ్రాయించండి. మొదటిసారి రాకపోతే కుంగవద్దు. మరుసటి ఏడు మరింత స్పష్టంగా వ్రాయవచ్చును. వారిని పంపే తల్లిదండ్రులకు చెప్పవలసినది స్వల్పం. ఈ వేతనం కుటుంబపు ప్రతిష్ఠకు అలంకారం కాదు, ఒక పనికి పెట్టుబడి.

కాని మా అసలు మనవి మన కళాశాలలకు, పరిశోధనాలయాలకు, వాటిని నడిపే పెద్దలకు. పంపేనాడు పూలమాలలు వేసి రైలుస్టేషను వరకు సాగనంపినవారం మనమే. తిరిగి వచ్చిన నాడు ఆ విద్యార్థి చేతిలోని నైపుణ్యానికి తగిన బల్ల, పుస్తకం, ఒక గది, ఇద్దరు శిష్యులు సిద్ధంగా ఉన్నారా అని ముందే చూచుకోవలసినవారమూ మనమే. ప్రఫుల్ల చంద్రులకు ఒక ఏడు వృథా అయినది. అంబేద్కరుకు ఇల్లు దొరకలేదు. ఖొరానాకు ఉద్యోగం దొరకలేదు. దరఖాస్తు మీద సంతకం ఒక్క విద్యార్థిదే కనబడుతుంది. దాని క్రింద మన సంతకం కూడ ఉన్నదని తలచి నడచుకొన్న నాడే ఆ ధనం సార్థకమవుతుంది.